కెమెరాకి రెండు తాళాలు

మా ఫ్లాటులో గ్యాసు సిలిండరు పోయింది. ఇలా ఒక్క ముక్కలో చెప్పేస్తే ఆ సిలిండరు పరువు తీసినట్టవుతుంది. అది నిండు సిలిండరు. ముందురోజు సాయంత్రమే నలుగురం కలిసి, పచ్చి బాలింతని మంచం మీద దింపినంత జాగ్రత్తగా, తలుపు బయట మెట్ల పక్కన దింపాం. కువైట్ ఫర్వానియాలో మేమున్న ఆ బిల్డింగులో ఏ అంతస్తులో ఎవరు ఏం వండుతున్నారో కళ్ళు మూసుకుని మెట్లెక్కుతూ చెప్పేయొచ్చు. ఆ రోజు మాత్రం మా అంతస్తు దగ్గరకొచ్చేసరికి వాసనే లేదు. డజను మంది మొగాళ్ళం, కడిగి పెట్టిన బియ్యం చుట్టూ కూచుని, రాజ్యం పోయిన రాజుల్లా ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"ఆయ్, ఇక లాభం లేదండి. కెమెరా పెట్టాల్సిందే," అన్నారు మెంబరుగారు.

మెంబరుగారంటే మా మెస్ కమిటీ పెద్ద. కోనసీమలో వాళ్ళ ఊరి పంచాయతీకి ఒక దఫా వార్డు మెంబరుగా చేశారు. ఆ కాలంలో వీధిలో ఒక బోరింగు పంపు వేయించారు. ఆ పంపు గురించి ఆయన చెప్పిన మాటలతో పోలిస్తే అందులోంచి వచ్చిన నీళ్ళు చాలా తక్కువ. కువైట్‌లో ఓ సరుకుల గోడౌనులో పని చేసేవారు. అక్కడ బస్తాలు లెక్కపెట్టినా, ఇక్కడ ఫ్లాటుకొచ్చి లుంగీ కట్టగానే మళ్ళీ ప్రజాప్రతినిధి అయిపోయేవారు.

కమిటీలో రెండో మనిషి కబ్ద్ పెద్దాయన. కడప వైపువాడు. ఎడారిలో కబ్ద్ దగ్గర తన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, తోటలో గొర్రెల్నీ, గడ్డినీ, రెండు ముసలి ఒంటెల్నీ చూసుకునేవాడు. గురువారం సాయంత్రం తోట పికప్‌లో ఎవరో ఒకరు తెచ్చి దింపితే, శుక్రవారమంతా మా దగ్గరుండి వెళ్ళిపోయేవాడు. ఆయన మెట్లెక్కుతుంటే గొర్రెల మంద మొత్తం మెట్లెక్కుతున్నట్టే ఉండేది, వాసన అంత నమ్మకంగా ముందొచ్చేది. మూడోవాణ్ణి నేను. మిర్కాబ్‌లో ఓ కాంట్రాక్టరు ఆఫీసులో టైపు చేసేవాణ్ణి కాబట్టి, వేళ్ళు ఆడే వాడికి బుర్ర కూడా ఆడుతుందన్న అపోహతో నన్నూ కమిటీలో వేశారు.

ఇదంతా రెండువేల పదికి కాస్త అటో ఇటో. అప్పటికి కెమెరాలు చవకై, బకాలా కొట్లలో కూడా బిస్కెట్ల మీద నిఘా పెట్టేస్తున్నారు. కెమెరా సంగతికి ముందు ఇంకో సంగతి చెప్పాలి. మా ఫ్లాటులో అందరికీ తెలిసిన, ఎవరూ అనని సంగతి.

మాలో ఓ ఏసీ మెకానిక్కు ఉండేవాడు. డెల్టా వైపు కుర్రాడు, క్రైస్తవుడు, మాకందరికీ తమ్ముడు. అతని భార్య కూడా కువైట్‌లోనే, ఓ ఇంట్లో పనికి ఉండేది. ఒకే ఊరి చర్చిలో పెళ్ళి చేసుకుని, ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో దిగి, ఎయిర్‌పోర్టు బయట చెరో కారెక్కిన జంట. వీసాలు వేరు, కఫీళ్ళు వేరు. ఆమె యజమానురాలు, అంటే అక్కడి పిలుపులో మామా, చెడ్డమనిషేం కాదు. శుక్రవారం ప్రార్థనకని సెలవిచ్చేది. కానీ ఒక్క మాట మొదట్లోనే చెప్పేసింది: మొగుణ్ణి కలవడాలూ అవీ ఉంటే కడుపొస్తుంది, కడుపొస్తే టికెట్ కొని ఇంటికి పంపేస్తా, ఖలాస్. ఇద్దరి జీతం మీదా ఊళ్ళో ఇల్లు సగం లేచి ఉంది, ఆమె తమ్ముడి చదువు నడుస్తోంది.

ప్రార్థన పొద్దున్నే అయిపోయేది. సాయంత్రం మగ్రిబ్ అజాన్‌లోగా ఆమె ఇంట్లో ఉండాలి. ఆ మధ్యలో బస్సెక్కి మా ఫ్లాటుకొచ్చి, ఓ గంటా గంటన్నరా ఉండి వెళ్ళేది. ఆ గంట ఆ ఇద్దరికీ ఉన్న కాపురం మొత్తం. బ్యాచిలర్ల ఫ్లాటుకి ఆడమనిషి రాకూడదని బిల్డింగు రూలు. పెళ్ళాం బిడ్డలున్నా వాళ్ళని ఊళ్ళో వదిలొచ్చాం కాబట్టి కువైట్ లెక్కలో మేమందరం బ్యాచిలర్లమే, మనవలున్న మెంబరుగారితో సహా.

అందుకని శుక్రవారం భోజనాలవగానే మా అందరికీ ఒక్కసారిగా పనులు పుట్టుకొచ్చేవి. ఒకడికి జుట్టు పెరిగిపోయేది. పోయిన వారమే గుండు చేయించుకున్నవాడికి కూడా. మెంబరుగారికి ఫోను కార్డు కొనాలి. ఇంకొకడికి చెప్పు తెగేది, తెగకపోతే తెంపుకునేవాడు. జూలైలో, బయట ఎండకి కాకి ఎగరడం మానేసి నడిచి వెళ్ళే రోజుల్లో కూడా, డజను మందిమి చెమటలు కక్కుతూ ఫర్వానియా వీధుల్లో అత్యవసరంగా తిరిగేవాళ్ళం. నేను బకాలాలో ఐసు కోళ్ళ ఫ్రీజరు ముందు నిలబడి, ఒక్కో కోడినీ తీసి, తిప్పి చూసి, కుశలమడిగి మళ్ళీ పెట్టేవాణ్ణి. కబ్ద్ పెద్దాయన మాత్రం మెట్ల కింద కూచుని బీడీ కాల్చేవాడు. అది కాపలా అని ఆయనెప్పుడూ అనలేదు. ఎందుకు పోతున్నావని ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఎప్పుడు మొదలైందో కూడా తెలీదు. ఎవరూ పెట్టని రూలు కాబట్టే అందరూ పాటించారనుకుంటాను.

సరే, కెమెరా. మిర్కాబ్‌లో నేనే బేరమాడి కొన్నాను. కెమెరా ఒకటి, రికార్డు చేసే పెట్టె ఒకటి. దాన్ని హాల్లో ఎక్కడ పెట్టాలన్నది ఒక సభ. తలుపూ, వంటగది గుమ్మమూ, హాలూ, మూడూ కనబడాలని తీర్మానం. గోడకి రంధ్రం వేసే డ్రిల్లు మిషను మా అందర్లోకీ ఒక్కడి దగ్గరే ఉంది. ఏసీ తమ్ముడి దగ్గర.

అతను నిచ్చెనెక్కాడు. మేమందరం కింద నిలబడి "కొంచెం ఎడమకి", "ఇంకాస్త కిందకి" అని చంద్రుడి మీదకి రాకెట్టు పంపేవాళ్ళలా సూచనలిచ్చాం. ఆ కెమెరా ఎవర్ని చూస్తుందో అతనికి తెలుసు. మాకూ తెలుసు. కానీ "శుక్రవారం సంగతేంటి?" అని ఎవరైనా అడగాలంటే, శుక్రవారం సంగతి ఒకటుందని ముందు ఒప్పుకోవాలి. మా మర్యాద అడ్డొచ్చింది. అతని సిగ్గు అడ్డొచ్చింది. డ్రిల్లు గుర్రుమంది, గోడ పొడి మా నెత్తిన పడింది, కన్ను బిగిసింది.

ఆ తర్వాత అసలు సభ. పెట్టె ఎవరి దగ్గరుండాలి, ఎవరు చూడాలి. ఇక్కడ మెంబరుగారు నిజంగా ప్రకాశించారు. ఊళ్ళో ఆయన గుడి కమిటీలో కూడా ఉండేవారట. "హుండీ ఎలా తెరుస్తామండి? రెండు తాళాలు, ఇద్దరి దగ్గర తాళంచెవులు, పదిమంది ముందు. ఇదీ అంతే. ఇది మన హుండీ."

"మా చర్చిలో కానుకల పెట్టె కూడా అంతేనండి. ఇద్దరు పెద్దలుంటేగానీ తియ్యరు," అన్నాడు ఏసీ తమ్ముడు.

అలా రికార్డు పెట్టె ఓ రేకు ట్రంకులోకి వెళ్ళింది. వైర్లకి కన్నం, వేడి పోవడానికి పాత ఏసీలోంచి ఊడదీసిన చిన్న ఫ్యాను, అన్నీ తమ్ముడే అమర్చాడు. రెండు తాళాలు వేశాం. ఒక తాళంచెవి నాకు. రెండోది కబ్ద్ పెద్దాయనకి. అంటే గురువారం సాయంత్రం దాకా మా నిఘా అధికారంలో సగం ఎడారిలో గొర్రెల మధ్య తిరుగుతూ ఉండేది. దొంగతనం జరిగితేనే తెరవాలి, ముగ్గురం ఉండాలి, చూసింది బయట అనకూడదు. ఐక్యరాజ్యసమితిలో కూడా ఇంత పకడ్బందీగా ఉండదని మెంబరుగారు తేల్చారు.

కబ్ద్ పెద్దాయన మీసం గోక్కున్నాడు. "అంతా బాగుండాది సామీ. మనం ముగ్గురమే దొంగలమైతేనో?"

ఎవరూ ఆ కోణంలో ఆలోచించలేదు. ఆయనే దారి కూడా చెప్పాడు. "ఇంగొకడు కూచోవల్ల. టీవీ తట్టు వీపు, మన తట్టు మొగం. వాడు బొమ్మ సూడకూడదు. మనల్ని సూడాల. మనం నగుతాండామా, ఎనక్కి తిప్పి రెండోతూరి సూస్తాండామా, అది వాడు గమనించల్ల."

నవ్వాం గానీ ఒప్పుకున్నాం. చీటీ తీసి ఎవరి పేరొస్తే వాడు సాక్షి. తల తిప్పితే సాక్ష్యం చెల్లదు.

కొన్నాళ్ళు ఏమీ పోలేదు. కెమెరాని చూసి దొంగలు భయపడ్డారని మెంబరుగారు ఛాతీ విరిచారు. ఆ ఛాతీ ఇంకా పూర్తిగా దిగకముందే కబ్ద్ పెద్దాయన తెచ్చిన నెయ్యి డబ్బా మాయమైంది. ఎడారి గొర్రెల నెయ్యి అది. మూత తీస్తే పై అంతస్తు వాళ్ళకి కూడా ఆకలేసేది. శుక్రవారం పొద్దున ట్రంకు తెరవాలని నిర్ణయమైంది.

చీటీ తీశాం. ఏసీ తమ్ముడి పేరొచ్చింది.

అప్పుడైనా ఎవరైనా ఒక మాట అనొచ్చు. అనలేదు. అతను ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి టీవీకి వీపు పెట్టి మా ఎదురుగా కూచున్నాడు. నేనొక తాళం, పెద్దాయన ఒక తాళం తీశాం. రిమోటు మెంబరుగారి చేతిలో.

బొమ్మ పరిగెత్తింది. మనుషులు చీమల్లా వంటగదిలోకి దూరడం, రావడం. ఒకడు అద్దం ముందు నిలబడి పొట్ట లోపలికి లాక్కుని, వదిలి, మళ్ళీ లాక్కున్నాడు. అది నేనే. మెంబరుగారు నవ్వబోయి, ఎదురుగా సాక్షి ఉన్నాడని ఆపుకున్నారు. తర్వాత బొమ్మలో పోయిన శుక్రవారం వచ్చింది. భోజనాలయ్యాయి. ఒక్కొక్కడూ చెప్పులేసుకుని తోసుకుంటూ బయటికి పోతున్నాడు, ఏదో ఇల్లు తగలబడుతున్నట్టు. మా హడావిడి మేమెప్పుడూ బయటి నుంచి చూసుకోలేదు. ఇంత కనిపించేలా దాస్తున్నామా అనిపించింది.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఆమె వచ్చింది.

మెంబరుగారి వేలు కంగారులో ఏ మీట మీద పడిందో, పరిగెడుతున్న బొమ్మ మామూలు నడకలోకి వచ్చేసింది. చూడకూడదని తెలుసు. కళ్ళు తిప్పేలోగా చూసేశాం.

ఆమె చెప్పులు విడిచింది. చేతిసంచి, బైబిలు గోడవార పెట్టింది. అతను హాల్లో చాప వేశాడు. పరాయి మొగాళ్ళ మంచాలున్న గదుల్లోకి ఆమె వెళ్ళదని అప్పుడర్థమైంది. ఆమె చాప మీద పడుకుంది, పడుకోగానే నిద్రపోయింది. అంతే. నిద్రపోవడానికే వచ్చినట్టు, ఏళ్ళ తరబడి నిద్ర ఎక్కడో దాచుకుని ఇక్కడికి మోసుకొచ్చినట్టు నిద్రపోయింది. అతను గోడకానుకుని పక్కన కూచున్నాడు. కిటికీ ఎండ ఆమె మొహం మీదకి జరిగింది. లేచి తువ్వాలు అడ్డం పట్టాడు. ఎండ ఇంకొంచెం జరిగింది. అతనూ జరిగాడు.

ఆ గంట గురించి డజను మంది మొగాళ్ళం బయట ఎండలో తిరుగుతూ ఏమేం ఊహించుకున్నామో ఆ దేవుడికే తెలియాలి. ఎవరి ఊహలోనూ తువ్వాలు లేదు.

కబ్ద్ పెద్దాయన మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. "ఆపు సామీ, ఆపు," అన్నాడు. మెంబరుగారికి మీట దొరకలేదు. నేను లేచి టీవీ ప్లగ్గే పీకేశాను.

ఏసీ తమ్ముడు మా మొహాలే చూస్తున్నాడు. అతని పనే అది.

"ఏ రోజుదండీ అది?" అన్నాడు.

మెంబరుగారు రిమోటు బోర్లా పెట్టారు.

"శుక్రవారమా అండీ?"

మెంబరుగారు తలూపారు. అతను తల తిప్పలేదు. టీవీ ఆరిపోయాక కూడా, మేం లేచి వెళ్ళేదాకా, రూలు ప్రకారం మావైపే చూస్తూ కూచున్నాడు. నెయ్యి డబ్బా దొంగ ఎవరో ఈ రోజుకీ తెలీదు. మళ్ళీ ఎవరూ వెతకలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె మామూలుగా వచ్చింది. మేం మామూలుగా పోయాం. ట్రంకు పైన దుప్పటి కప్పి, తమ్ముడు వైరు లాగేశాడని తర్వాత చూశాం. కానీ అంతకుముందు వారాలన్నీ లోపల ఉన్నాయి కదా.

రెండు రోజులకి బిల్డింగు ఓనరు తరపున అద్దెలూ అవీ చూసే మనిషి వచ్చాడు. వెనకాల కాపలా ఉండే హారిస్. కింద ఫ్లాటులో కొత్తగా చేరిన కుటుంబం వాళ్ళు ఫిర్యాదు చేశారట, బ్యాచిలర్ల ఫ్లాటుకి ఎవరో ఆడమనిషి వస్తోందని. ఆ మనిషి మంచి హిందీలో, కోపం కూడా లేకుండా మాట్లాడాడు. "మీ దగ్గర కెమెరా ఉందని హారిస్ చెప్పాడు. నాకు చూపించండి. ఎవరూ రాకపోతే వాళ్ళ నోరు నేనే మూయిస్తా. వస్తుంటే ఆవిడ ఏ ఇంట్లో పనిచేస్తోందో కనుక్కుని వాళ్ళకే చెప్తా, మీ జోలికి రాను. చూపించకపోతే మాత్రం ఫ్లాటు ఖాళీ చేయాలి. వచ్చే వారం వస్తా."

అతను దిగి వెళ్ళాడు. అప్పటిదాకా దొంగకోసం తవ్విన గోతిలో మనింటి పిల్ల కాలు పెట్టేసరికి మా కమిటీకి నోరు పడిపోయింది.

పెద్దాయన వచ్చే గురువారం దాకా ఆగాం. మెంబరుగారు నలిగిపోతున్నారు. ఒక్క ఇల్లు కాదు, డజను ఇళ్ళు మోస్తున్నట్టు ఆయన భుజాలు వంగిపోయాయి.

"డజను మంది రోడ్డు మీద పడతామండి. ఏ రూమూ ఇంత చవగ్గా దొరకదు. పోనీ శుక్రవారాలు తీసేసి మిగతావి చూపిద్దాం," అన్నారు.

"తీసేసినామని తెలీదా వానికి? వారానికి ఆరు దినాలే ఉంటాయా కువైట్‌లో?" అన్నాడు పెద్దాయన.

"మరేం చేద్దామంటారండీ మీరు?"

"మనం ఆ కన్ను పెట్టింది దేనికప్పా? దొంగ కోసరం. దొంగ గాకుండా దాంట్లో ఇంగేం పడినా అది మనది గాదు. దోవలో దొరికిన పరాయోళ్ళ సొమ్ము అది. మనం దాచకూడదు, ఇంగొకనికి ఇయ్యనూకూడదు. ఎవురిదో వాళ్ళకి అప్పజెప్పల్ల."

"ఎవరికండీ?"

"ఆ పాపకి. అందులో ఉండేది ఆయమ్మ గదా. ఆయమ్మకి ఇంగా తెలీనే తెలీదు మనం సూసినామని."

అది నిజం. ఇంత ఆర్భాటం చేసి, హుండీ రూలు, చర్చి రూలు, వీపు రూలు, అన్నీ రాసుకున్న మేం, కెమెరాలో పడినవాళ్ళకి చెప్పాలన్న రూలు మాత్రం మర్చిపోయాం. ఏసీ తమ్ముడు కూడా ఆమెకి చెప్పలేదు. చెబితే రావడం మానేస్తుందని అతని భయం. నేలవైపు చూస్తూ ఆ మాటే అన్నాడు.

ఆ శుక్రవారం మా కమిటీలో ఎవరికీ జుట్టు పెరగలేదు. చెప్పు తెగలేదు. ఆమె తలుపు తోసుకుని వచ్చేసరికి మేం ముగ్గురం హాల్లో కూచుని ఉన్నాం, పెళ్ళిచూపుల్లో పెద్దల్లా. ఏసీ తమ్ముడు గోడవార నిలబడ్డాడు. మిగతావాళ్ళు మాత్రం బయటికి పోయారు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"వందనాలన్నయ్యా... ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

"అందరూ బానే ఉన్నాంలేమ్మా. కూచో," అన్నారు మెంబరుగారు. ఉపన్యాసం తయారుచేసుకున్నట్టున్నారు, ఒక్క ముక్కా రాలేదు. చివరికి చెప్పింది పెద్దాయనే. కెమెరా, నెయ్యి డబ్బా, మేం చూసింది, కింద ఫ్లాటు వాళ్ళ ఫిర్యాదు, ఆ మనిషి బెదిరింపు. ఏదీ దాచలేదు. ఆమె తల వంచుకుని వింది. ఆమె చేతులు చూశాను. ముప్పయ్యేళ్ళ మనిషికి అరవయ్యేళ్ళ చేతులు, సబ్బు నీళ్ళలో నాని నాని ముడతలు పడ్డవి.

"ఎంతమంది చూశారన్నయ్యా?"

"ముగ్గురం."

"ఆయన?"

"ఆయన టీవీకి వీపు పెట్టి కూచున్నాడమ్మా. మమ్మల్ని చూశాడు."

ఆమె భర్తవైపు చూసింది. చాలాసేపు చూసింది. "నాకు చెప్పలేదే," అంది. అప్పుడామె, "నన్ను చూడనివ్వండి. మీరు బయటికెళ్ళండి," అంది.

రెండు తాళాలూ తీసి, రిమోటు ఆమె చేతికిచ్చి, ముగ్గురం మెట్ల మీదకొచ్చి కూచున్నాం. కమిటీ మొత్తాన్ని బయట కూచోబెట్టి ఒక పనిమనిషి లోపల తనిఖీ చేస్తోంది. మెంబరుగారు తన పంచాయతీ కాలంలో ఇలాంటిది చూడలేదన్నారు. ఈసారి గొప్పకి అనలేదు.

కాసేపటికి లోపల్నుంచి నవ్వు వినబడింది. ఆమె నవ్వే. తర్వాత నవ్వు ఆగిపోయింది. అలా ఆగిపోయాక ఇంకా చాలాసేపటికి తలుపు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నోరు తెరుచుకుని పడుకుంటానా నేను? ఈయనెప్పుడూ చెప్పలేదు," అంది మొగుణ్ణి చూపిస్తూ. "తువ్వాలు సంగతీ చెప్పలేదు. చెయ్యి నొప్పి పుట్టలేదా మీకు?"

"లేదు," అన్నాడతను, అబద్ధమని అందరికీ తెలిసేలా.

"అన్నీ చెరిపేయండన్నయ్యా. నా ముందే. ఆ ఓనరు మనిషికేం చూపించొద్దు. అబద్ధమూ ఆడొద్దు."

"అబద్ధమాడకుండా, చూపించకుండా ఎలాగమ్మా? ఫ్లాటు పోతుంది," అన్నారు మెంబరుగారు.

"ఆడమనిషి వచ్చేది, ఇంక రాదని చెప్పండి. నేను రానుగా."

"వద్దమ్మా," అన్నాం ముగ్గురం ఒకేసారి. జీవితంలో మా కమిటీ ఏకగ్రీవంగా చేసిన తీర్మానం అదొక్కటే. చెల్లలేదు.

"ఎవరో మామాకి చెప్పేలోగా నేనే చెప్తానన్నయ్యా. మీరు నా సంగతి నాకు చెప్పారుగా. ఎంత సిగ్గేసినా, వేరేవాళ్ళ నోటివెంట వినడం కన్నా అదే నయం అనిపించింది. మామాకి మాత్రం అలా ఉండదా?"

"పంపేస్తే?" అన్నాడు ఆమె మొగుడు. ఆ ఒక్క మాటలో సగం లేచిన ఇల్లు, తమ్ముడి చదువు, ఆ ఎడారి దేశంలో అతనొక్కడే మిగిలిపోవడం, అన్నీ ఉన్నాయి.

"పంపేస్తే వెళ్తాను. దొంగతనంగా వచ్చి పడుకుంటే అదీ నిద్రే అనుకున్నాను ఇన్నాళ్ళూ. బస్సు హారను వినబడితే ఉలిక్కిపడి లేస్తాను చూడండి అందులో. నాకిప్పుడే తెలిసింది."

చెరిపేశాం. ముగ్గురం, ఆమె, ఆయన, అందరి ముందూ. చెరిగిపోయిందో లేదో ఆమె రెండుసార్లు చూసుకుంది. చూసుకుని, ఆ రోజు పడుకోకుండానే బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఓనరు మనిషి వచ్చిన రోజు పెద్దాయన కబ్ద్ నుంచి ప్రత్యేకంగా వచ్చాడు. తన తోట అరబ్బీలో, గొర్రెల్ని అదిలించే గొంతుతోనే, వచ్చేది ఫలానా వాడి పెళ్ళామని, పెళ్ళి కాగితం ఉందని, ఇక రాదని, పెట్టె మాత్రం చూపించేది లేదని చెప్పాడు. ఎందుకు చూపించరని ఆ మనిషి అడిగితే, "అది దొంగ కోసం పెట్టింది. నువ్వు దొంగవి గాదు, ఆమె దొంగ గాదు, మరి ఎవర్ని చూస్తావు?" అన్నాడు. ఆ మనిషి మమ్మల్ని పైనుంచి కిందకి చూశాడు. మేం అప్పటికే మనసులో సామాన్లు సర్దేసుకున్నాం. నేనైతే ఏ రోడ్డు పక్కన చాప వెయ్యాలో కూడా చూసిపెట్టుకున్నాను. "రాకపోతే చాలు. ఖలాస్," అని వెళ్ళిపోయాడు.

ఆమె సంగతి మాత్రం తేలలేదు. రెండు శుక్రవారాలు రాలేదు, ఫోనూ లేదు. ఏసీ తమ్ముడు ప్రార్థనకి వెళ్ళి ఆమెని అక్కడ వెతికి, ఒక్కడే తిరిగొచ్చేవాడు. మేమెవరం ఏమీ అడిగేవాళ్ళం కాదు. మా పాత అలవాటు మాకు ఉండనే ఉంది. ఆమె ఎయిర్‌పోర్టులో ఉందేమోనని ఎవరికి వాళ్ళం లోపల అనుకుంటూ, పైకి పప్పులో ఉప్పు గురించి పోట్లాడుకున్నాం. ఒకరోజు అతను నిచ్చెన వేసి కెమెరా ఊడదీశాడు. కమిటీని అడగలేదు. మెంబరుగారు సభ పిలవబోయి, నిచ్చెన పట్టుకోవడానికి వెళ్ళారు.

ఆ తర్వాతి శుక్రవారం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని మధ్యాహ్నం బయల్దేరాడు. మామాకి చెప్పేసిందట. మామా రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు, ప్రార్థనకీ పంపలేదు. తర్వాత మొగుణ్ణి రమ్మని కబురంపింది. సాయంత్రం అతను తిరిగొచ్చేసరికి మిగతా అందరం హాల్లో ఉన్నాం, ఎవరికీ ఏ పనీ లేదు.

"ఏమైంది తమ్ముడూ?" అన్నాను. అలా అడగడం మా ఫ్లాటులో అదే మొదలు.

"ప్రతి శుక్రవారం రావచ్చన్నారండీ. గేటు పక్కన డ్రైవరు గదిలో కూచోవచ్చట. తలుపు మాత్రం తీసి ఉంచాలట." చొక్కా గుండీ విప్పుకుంటూ చెప్పాడు. "డ్రైవరు వచ్చి చూసి పోతాడు. పిల్లలొచ్చి చూసి పోతారు. మర్యాదగా కూచున్నామండి, టీ తాగాం. ఆవిడ పడుకోలేదు."

మెంబరుగారు ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటున్నారు.

"మామా ఓసారి వచ్చి గేటు దగ్గర కూచుంటే ఆవిడ అడిగిందండీ," అన్నాడతను. "తలుపు తీసి ఉంచితే మమ్మల్ని ఎవరెవరు చూస్తారో మీరే చెప్పండి మామా, అంది."

"ఏమందీ?" పెద్దాయన బీడీ పక్కన పెట్టి ముందుకి వంగాడు.

"ఏమీ అనలేదండి. లేచొచ్చి, మామాయే తలుపు సగం వేసి వెళ్ళిపోయింది."